శివారుకు నీళ్ళందడం లేదు

*బీపీ ఒక జబ్బు, షుగర్ మరొక జబ్బు అనుకుంటాం. ఆ రెండూ కలుసుకునే చోటు ఒకటి ఒంట్లో ఉంది. అది తలవెంట్రుక కన్నా సన్నం.*

చీకటి గదిలో పెదనాన్న మిషన్‌కి గడ్డం ఆనించి కూర్చున్నారు. "రెప్ప వెయ్యకండి, పెద్దాయనా" అంది డాక్టరమ్మ. తళుక్కున ఒక మెరుపు. ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగేలోపే పక్కనున్న తెరమీద బొమ్మ వచ్చేసింది. ముదురు నారింజ రంగులో నిండు చందమామలా గుండ్రంగా ఉంది. ఒక పక్క లేత పసుపు మచ్చ, దాంట్లోంచి నాలుగు వైపులకీ పాకిన ఎర్రటి కొమ్మలు, రెమ్మలు.

పేపర్లో అక్షరాలు అలుక్కుపోతున్నాయి, అద్దాలు మార్పించమంటే గుంటూరు కంటాసుపత్రికి తీసుకొచ్చాను. ఆవిడ అద్దాల సంగతి ఎత్తలేదు. పెన్ను చివరతో ఒక రెమ్మ చూపించి, "ఇది ధమని. ఇక్కడ చూడండి, దారంలా సన్నబడింది. దాని కింద నుంచి వెళ్ళే సిర నొక్కుకుపోయింది. మీకు బీపీ ఉందాండీ?" అని అడిగింది.

"నాకా? ఇప్పటిదాకా ఒక్క మాత్ర వేసుకున్న పాపాన పోలేదమ్మా" అన్నారు పెదనాన్న, కాస్త గర్వంగానే.

చేతికి పట్టీ కట్టి చూస్తే 168/98. ఆస్పత్రి వాసనకి పెరిగిందేమోనని వారం రోజులు ఇంట్లో పొద్దున్నా రాత్రీ చూశాం. సగటు 156/94. ఫిజీషియన్ రక్తపరీక్ష కూడా రాశాడు. పరగడుపు చక్కెర 116. పూర్తి షుగర్ అనడానికి కనీసం 126 ఉండాలి. 100కీ 125కీ మధ్య ఉంటే గుమ్మంలో నిలబడ్డట్టు.

పెదనాన్నకి కోపం వచ్చింది. "టీలో పంచదార మానేసి పదేళ్ళయింది. నాకు షుగరేంటిరా? పోనీ బీపీ వచ్చిందంటే ఊరమిరపకాయల పాపం అనుకుంటా. ఈ రెండూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి ఎట్లా వచ్చాయి?"

కోపంలో అడిగినా సరైన ప్రశ్నే అడిగారు. దీని జవాబు కోసం వైద్యులు చాలా ఏళ్ళు తడుముకున్నారు.

కాలువ నిండుగా, పొలం ఎండుగా

మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో చిట్టచివర, రేపల్లె వైపు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో పడ్డ పది రోజులకి కూడా మా చేలకి తడి తగలని ఏడాదులు పెదనాన్న చాలా చూశారు. అందుకే ఆయనకి గుండె, రక్తనాళాల సంగతి కాలువల భాషలోనే చెప్పాను.

గుండె దగ్గర బయల్దేరే మహాధమని మన బొటనవేలంత లావు. అది కొమ్మలై, రెమ్మలై, చివరికి కేశనాళికలవుతుంది. కేశం అన్నారు గానీ తలవెంట్రుకతో పోలిస్తే అవి చాలా సన్నం. ఒక్కో నాళం అడ్డకొలత 5 నుంచి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతో, అంతకన్నా తక్కువో. ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లుంటుంది. కాబట్టి కణాలు ఒకదాని వెనక ఒకటి, ఒళ్ళు మడుచుకుని దూరాలి. ఆక్సిజన్, చక్కెర, ఇన్సులిన్, అన్నీ కండకి చేరేది ఇక్కడే. పెద్ద నాళాలన్నీ రవాణా దారులు. సరుకు దిగే రేవు ఈ సన్న నాళాలు.

వీటికి కాస్త ఎగువన చిన్న ధమనులుంటాయి. వాటి గోడల్లో కండర పొర ఉంటుంది, బిగుసుకుంటుంది, వదులవుతుంది. అవే తూములు. ఏ పిల్లకాలువకి ఎంత నీరు పోవాలో తేల్చేది అవే. పెద్దకాలువలో మట్టం ఎంత ఉండాలో తేల్చేదీ చాలావరకు అవే.

"శివారు తూములన్నీ బిగించేస్తే నీళ్ళెక్కడికి పోతాయి?" అని అడిగాను.

"పెద్దకాలువ గట్టు తెగుద్ది" అన్నారాయన.

బీపీ అంటే అదే. అవతల, తూము దాటిన పొలం ఎండుతుంది. గట్టు మీద ఒత్తిడీ, పొలంలో ఎండా ఒకే బిగింపుకి రెండు వైపులు.

> సగం సన్నబడితే 16 రెట్లు
> ఫ్రెంచి వైద్యుడు పోయిసే 1840ల్లో సన్నని గాజు గొట్టాల్లో ద్రవాలు పారించి ఒక సూత్రం కనిపెట్టాడు. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే ప్రవాహానికి అడ్డు రెండింతలో నాలుగింతలో కాదు, ఏకంగా 16 రెట్లవుతుంది. చిన్న ధమని ఏ కాస్త బిగుసుకున్నా బీపీ ఎందుకంత ఎగబాకుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

లస్కరు పేరు ఇన్సులిన్

ఇన్సులిన్ అనగానే చక్కెరని కణంలోకి పంపే తాళంచెవి అని చిన్నప్పటి నుంచీ విన్నాం. తప్పు కాదు, సగమే. కణం తలుపు తియ్యాలంటే ముందు ఇన్సులిన్ ఆ కణం దాకా వెళ్ళాలి గదా! ఎవరు దారి ఇస్తారు?

దారి కూడా అదే వేసుకుంటుంది. అన్నం తిన్నాక క్లోమం నుంచి వచ్చిన ఇన్సులిన్ మొదట తగిలేది రక్తనాళం లోపలి పొరకి. ఆ పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుని కొద్దిగా విడుదల చేస్తుంది. దాంతో చుట్టూ ఉన్న కండర పొర వదులవుతుంది, తూము తెరుచుకుంటుంది, నిదానంగా పారుతున్న కేశనాళికల్లోకి రక్తం నిండుగా వస్తుంది. ఇదంతా కొద్ది నిమిషాల్లో, చక్కెర కండలోకి దిగక ముందే మొదలవుతుంది. రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పని కనిపెట్టినందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికన్లకి 1998లో నోబెల్ ఇచ్చారు.

డెల్టాలో తూము తాళాలు లస్కరు దగ్గరుంటాయి. ఒంట్లో ఆ లస్కరు ఇన్సులిన్.

ఇప్పుడు లస్కరు కేకేసినా తూము కదలడం లేదనుకోండి. దాన్నే ఇన్సులిన్‌కి మొండికెయ్యడం అంటారు. నాళం పొరలో ఇన్సులిన్‌కి రెండు చేతులున్నాయి. ఒకటి నైట్రిక్ ఆక్సైడ్ వదిలి తెరుస్తుంది, రెండోది ఎండోథెలిన్ అనే పదార్థం వదిలి బిగిస్తుంది. మొండికేసినప్పుడు మొద్దుబారేది తెరిచే చెయ్యి మాత్రమే. బిగించే చెయ్యి నిక్షేపంగా పనిచేస్తూనే ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడ ఉంది.

పొలం తడవలేదని క్లోమం ఇంకా ఇన్సులిన్ పంపుతుంది. రక్తంలో అది పెరిగేకొద్దీ మూత్రపిండాలు ఉప్పుని బయటికి పోనివ్వకుండా పట్టుకుంటాయి, నరాలు ఉద్రేకపడతాయి. బీపీ ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఆ ఒత్తిడికి చిన్న ధమనుల గోడలు దళసరెక్కుతాయి. కొన్ని కేశనాళికలు మూతపడి, మూతపడి, చివరికి లేకుండానే పోతాయి. వాడని బోదె పూడిపోయినట్టు. ఏది ముందు, ఏది వెనక అని తేల్చడం కష్టం. గానుగెద్దు ఎక్కడ మొదలుపెట్టిందని ఎవరడుగుతారు?

భార్య జబ్బు, భర్త నోబెల్

ఈ కథలో నన్ను బాగా ఆకట్టుకున్న మనుషులు ఇద్దరు. డెన్మార్క్‌కి చెందిన ఆగస్ట్ క్రో, ఆయన భార్య మరీ. కండరం విశ్రాంతిగా ఉన్నప్పుడూ, పని చేస్తున్నప్పుడూ కేశనాళికల తీరు ఎట్లా మారుతుందో కప్పల్లో, గినీ పందుల్లో నల్ల సిరా ఎక్కించి ఆయన లెక్కపెట్టాడు. పని చేసే కండలో తెరుచుకున్న నాళాలు ఎన్నో రెట్లు ఎక్కువ కనిపించాయి. 1920లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పినదానికి తర్వాతివాళ్ళు సవరణలు చేశారు గానీ, రక్తం అవసరాన్ని బట్టి పంపిణీ అవుతుందనే మూలం నిలిచింది.

మరీ కూడా వైద్యురాలే. ఆమెకి మధుమేహం. 1922లో క్రో ఉపన్యాసాలివ్వడానికి అమెరికా వెళ్తుంటే ఆమె కూడా వెళ్ళింది. కెనడాలోని టొరంటోలో ఇన్సులిన్ అనే కొత్త మందు తీశారని విని, అక్కడికి వెళ్ళి తీరాలని పట్టుబట్టింది. క్రో వెళ్ళాడు, డెన్మార్క్‌లో తయారుచేసే అనుమతి పట్టుకొచ్చాడు. మరీకి వైద్యం చేస్తున్న హాగెడార్న్‌తో కలిసి 1923లో నార్డిస్క్ అనే ఇన్సులిన్ ప్రయోగశాల పెట్టాడు. 1989లో అది నోవో అనే మరో కంపెనీతో కలిసి నోవో నార్డిస్క్ అయింది. ఇప్పుడు పెళ్ళిళ్ళలో, కిట్టీ పార్టీల్లో జనం గుసగుసలాడుకుంటున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లలో కొన్ని ఆ కంపెనీవే.

కేశనాళికల మీద నోబెల్ తెచ్చుకున్నవాడే ఇన్సులిన్‌ని డెన్మార్క్‌కి మోసుకొచ్చాడు. కానీ ఆ ఇన్సులినే ఆ కేశనాళికల్ని తెరుస్తుందని ఆయనకి తెలియదు. అది నిగ్గు తేలడానికి 1990ల దాకా పట్టింది. ఒకే ఇంట్లో రెండు కొసలూ ఉన్నా ముడి పడలేదు.

> లక్ష కిలోమీటర్లా?
> మన రక్తనాళాలన్నీ వరసగా పేరిస్తే లక్ష కిలోమీటర్లని పిల్లల పుస్తకాల నుంచి వాట్సాప్ దాకా తిరుగుతూ ఉంటుంది. ఆ లెక్క క్రోదే. 50 కిలోల కండ ఉన్న భారీ మనిషిని ఊహించుకుని వేశాడు. ఈమధ్య తిరిగి లెక్కించినవాళ్ళు 9 వేల నుంచి 19 వేల కిలోమీటర్ల మధ్య ఉంటుందన్నారు. అయినా తక్కువేం కాదు.

పీసాలో 13 మంది

ఎప్పటినుంచో వైద్యులు గమనిస్తూనే ఉన్నారు, బీపీ ఉన్నవాళ్ళలో షుగర్ ఎక్కువని. లావుగా ఉండటం వల్ల రెండూ వస్తున్నాయిలే అని సరిపెట్టుకున్నారు. 1987లో ఇటలీలోని పీసా నగరంలో ఫెరానీని బృందం ఆ మాటకి అడ్డం పడింది. బీపీ ఉండి, బరువు మామూలుగా ఉండి, షుగర్ లేని 13 మందిని తీసుకుని ఇన్సులిన్ ఎంత బాగా పనిచేస్తోందో కొలిచారు. బీపీ లేనివాళ్ళతో పోలిస్తే వీళ్ళ ఒళ్ళు చక్కెరని వాడుకోవడం దాదాపు 40 శాతం తక్కువ. ఆ లోటు ముఖ్యంగా కండరాల్లో. సన్నగా ఉన్నవాళ్ళలో కూడా! ఆ మరుసటి ఏడాదే అమెరికాలో జెరాల్డ్ రీవెన్ ఈ జబ్బుల గుంపుకి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టాడు.

బీపీ ఉన్న ప్రతివాళ్ళకీ ఇట్లా ఉంటుందని కాదు. కానీ 2000లో అచ్చయిన, అమెరికాలో 12 వేల మందికి పైగా నడివయసువాళ్ళని కొన్నేళ్ళపాటు గమనించిన అధ్యయనంలో, బీపీ ఉన్నవాళ్ళకి షుగర్ వచ్చే అవకాశం లేనివాళ్ళ కన్నా రెండున్నర రెట్లు దాకా కనిపించింది.

ఇక ఆమ్‌స్టర్‌డామ్‌లో సెర్నే అనే పరిశోధకుడూ సహచరులూ చేసిన పని నాకు ముచ్చటగా అనిపించింది. పెద్ద యంత్రాలేం లేవు. వేలి గోటి మొదట్లో చర్మం పల్చగా ఉంటుంది, అక్కడ మైక్రోస్కోపు పెడితే కేశనాళికలు జడపిన్నుల్లా వరసగా కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టారు. వేలికి రక్తం కొద్ది నిమిషాలు ఆపి, వదిలి, కొత్తగా ఎన్ని నిండాయో మళ్ళీ లెక్కపెట్టారు. 1999లో చెప్పిందేమిటంటే, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా, నాళాలు ఎక్కువగా నిండినవాళ్ళకి ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, బీపీ తక్కువగా ఉంది. జబ్బు రాకముందే బీపీ, ఇన్సులిన్ రెండూ గోటి అంచున కలిసి కనిపించాయి.

"యాంజియోలో ఏమీ లేదన్నారు"

ఈ కథనం కోసం మాట్లాడినవాళ్ళలో ఒక టీచరమ్మ ఉంది. యాభై రెండేళ్ళు. బీపీ, షుగర్ రెండూ. మెట్లెక్కితే గుండెల్లో పట్టేస్తుంది. అప్పు చేసి యాంజియోగ్రామ్ చేయించారు. గొట్టాలన్నీ శుభ్రంగా ఉన్నాయన్నారు. "అప్పట్నుంచి ఇంట్లో నా నొప్పిని ఎవరూ నమ్మడం లేదండీ. మీ అమ్మకి మనసులో జబ్బు అంటారు మా ఆయన పిల్లలతో" అంది.

యాంజియోలో కనిపించేవి పెద్దకాలువలే. బోదెలు ఆ బొమ్మలో పడవు. గుండె కండలోని చిన్న నాళాలు వదులుకాకపోతే పెద్దవి బాగున్నా నొప్పి వస్తుంది. ఇది ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తారు. "ఏమీ లేదు" అన్న మాటకి "పెద్ద నాళాల్లో ఏమీ లేదు" అని మాత్రమే అర్థం. ఆ తేడా ఆ ఇంట్లో ఎవరూ విడమర్చి చెప్పలేదు.

గుండెలోనే కాదు, మూత్రపిండంలోనూ ఇంతే. అక్కడ వడపోత అంతా సన్న నాళాల ఉండలదే. ఒక్కో మూత్రపిండంలో సుమారు 10 లక్షల ఉండలు. బీపీ, షుగర్ కలిసి వాటిని దెబ్బతీస్తే మొదట తెలిసేది మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీన్ జారడం వల్ల. రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగేనాటికి చాలా ఉండలు పూడిపోయి ఉంటాయి. మెదడు సంగతీ అంతే. బతికున్న మనిషిలో కోత లేకుండా ఈ నాళాల్ని నేరుగా చూడగలిగే కిటికీ కన్ను. అందుకే కళ్ళజోడు కోసం వెళ్ళిన పెదనాన్న బీపీ బయటపడింది.

> మన లెక్క
> భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. షుగర్ గుమ్మంలో ఉన్నవాళ్ళు 13.6 కోట్లు. బీపీ ఉన్నవాళ్ళు 31.5 కోట్లు.

ఉప్మా తిన్న ఊళ్ళు

మనవాళ్ళకే ఇదంతా ఎందుకింత తొందరగా ముంచుకొస్తోంది? పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ మిత్రుడు జాన్ యడ్కిన్ పక్కపక్కన నిలబడి దిగిన ఒక ఫొటోని 2004లో అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లీషాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. బక్కగా కనిపిస్తూ లోపల కొవ్వు దాచుకునే ఒళ్ళు మనది. కండ తక్కువంటే చక్కెర దిగే పొలమే తక్కువ. అది తల్లి కడుపులోనే మొదలవుతుందని యాజ్ఞిక్ వాదన.

దానికి మన దగ్గరే ఒక సాక్ష్యం ఉంది. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని ఊళ్ళలో అంగన్‌వాడీల ద్వారా గర్భిణులకీ, బాలింతలకీ, ఆరేళ్ళలోపు పిల్లలకీ రోజూ మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా పెట్టారు. పక్కనున్న మరికొన్ని ఊళ్ళకి అప్పటికి ఆ పథకం రాలేదు. పదిహేనేళ్ళ తర్వాత పరిశోధకులు మొత్తం 29 ఊళ్ళకీ మళ్ళీ వెళ్ళి, 13 నుంచి 18 ఏళ్ళ పిల్లలు 1,165 మందిని పరీక్షించారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. ఇన్సులిన్‌కి మొండితనం 20 శాతం తక్కువ, ధమనుల బిరుసు కాస్త తక్కువ. బీపీలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఒక్క అధ్యయనంతో కోటలు కట్టకూడదు. కానీ ఇన్సులిన్, రక్తనాళాలు రెండూ ఒకే గిన్నె ఉప్మాకి తలొగ్గడం చిన్న విషయం కాదు. అంగన్‌వాడీ బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు గుండెజబ్బుల లెక్క కూడా పక్కన పెట్టుకోవాలని నా అభిప్రాయం.

లస్కరు లేకుండా తూము తీసే మార్గం

మందుల సంగతి ముందు. బీపీ మందుల్లో కొన్ని పాత రకాలు చక్కెరని కొంచెం పెంచుతాయి, కొన్ని పెంచవు. ఎవరికి ఏది వెయ్యాలో డాక్టరు చూసుకుంటాడు. ఇది చదివి మాత్ర ఆపేస్తే ముంచుకొచ్చేది పక్షవాతం. ఆపవద్దు, అడగండి.

నడక గురించి అందరూ చెప్తారు, వినీ వినీ విసుగెత్తింది. ఎందుకు నడవాలో మాత్రం ఎవరూ సరిగా చెప్పరు. కండ కదిలితే ఇన్సులిన్ పిలుపుతో పని లేకుండానే నాళాలు తెరుచుకుంటాయి, చక్కెర లోపలికి దిగుతుంది. లస్కరు రాకపోయినా రైతే తూము తీసుకున్నట్టు. భోజనం చేసి పావుగంట నడిస్తే చక్కెర పొంగు అణుగుతుంది. వారంలో రెండు మూడుసార్లు బరువులెత్తడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం లాంటివి పొలం విస్తీర్ణాన్నే పెంచుతాయి. పొగ తాగితే నికోటిన్ అప్పటికప్పుడు తూము బిగిస్తుంది. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే చెంచాకి కాస్త తక్కువ చాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పచ్చడి, వడియం, అప్పడం, బయట కొన్న మిక్చర్ అన్నీ ఆ చెంచాలోనే సర్దుకోవాలి.

పెదనాన్న రోజూ సాయంత్రం కాలువగట్టు మీద నడుస్తున్నారు. మాత్ర ఒకటి వేసుకుంటున్నారు. నాలుగు నెలలకి బీపీ 134/82, పరగడుపు చక్కెర 105. ఊరమిరపకాయ ఆదివారానికి పరిమితమైంది, దాని మీద పెద్దమ్మతో రోజూ తగువు. నీటి వంతులు రాసుకునే పాత పుస్తకంలో ఇప్పుడు రెండు అంకెలూ ఒకే వరసలో రాస్తున్నారు. ఆస్పత్రిలో మాత్రం రెండింటికీ ఇంకా రెండు ఫైళ్ళే.

మీ ఇంట్లో బీపీ మాత్ర వేసుకునేవాళ్ళుంటే ఇవాళ భోజనాల దగ్గర ఒక్క మాట అడగండి. చివరిసారి చక్కెర, మూత్రంలో ఆల్బుమిన్, కంటి లోపలి పొర చూపించుకుని ఎన్నాళ్ళయింది? ఏడాది దాటిందంటే ఇక ఆలస్యం చెయ్యకండి.